మిగిలిన డీజిల్

జనగామ రైల్వే స్టేషన్‌కు కొంచెం దూరంలో చందూలాల్ మందుల గోదాము ఉంది. రోజూ పొద్దున అక్కడ నాలుగు వ్యాన్లు పెట్టెలు ఎక్కించుకుని నాలుగు దారుల్లో వెళ్తాయి. ఊరూరా మెడికల్ షాపులకు సరుకు దించి, పొద్దుగూకే వేళకు తిరిగి వస్తాయి. వాటిలో మహబూబాబాద్ దారిలో వెళ్లే వ్యాను జాకీర్‌ది. అతనికి యాభై ఏడేళ్లు. పిల్లలు లేరు. భార్య మున్నవర్ బేగం పోయి రెండేళ్లు దాటింది.

గోదాములో చేరకముందు జాకీర్ సొంత కారు కిరాయికి తిప్పేవాడు. అప్పుడే మున్నవర్‌కు వెన్నెముకలో జబ్బు చేసింది. నెలనెలా హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోవలసి వచ్చేది. వెనక సీట్లో దిండ్లు పేర్చి పడుకోబెట్టేవాడు. బండి కుదిపినా, బ్రేకు గట్టిగా పడినా ఆమె కళ్లు మూసుకుని పళ్లు బిగబట్టేది. అరిచేది కాదు. "జర ఆహిస్తా" అనేది, అంతే. మెల్లగా పొమ్మని. తప్పంతా తనదే అయినట్టు, బతిమాలుతున్నట్టు అనేది.

ఆ మాట ఆమెతో అనిపించకూడదని జాకీర్ ముప్పై ఏళ్లుగా వచ్చిన విద్యను మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడు. దూరంగా బర్రెల మంద కనిపిస్తే దాని దగ్గరికి పోయి బ్రేకు తొక్కడం మానేసి, కనిపించిన చోటే యాక్సిలేటర్ మీంచి కాలు తీసేవాడు. అక్కడికి చేరేసరికి బండి దానంతటదే నెమ్మదించేది, బర్రెలూ దాటిపోయేవి. ముందున్న లారీకి బాగా ఎడం ఉంచేవాడు. ఇంజను గొంతు పెంచకముందే గేరు మార్చేవాడు. చక్రాలు వేడెక్కక ముందే, పొద్దున్నే టైర్లలో గాలి చూసుకునేవాడు. అలా నడపడం మొదలుపెట్టాక డీజిల్ కూడా బాగా తక్కువ పడుతున్నట్టు గమనించాడు. కానీ అప్పుడతని ధ్యాస దాని మీద లేదు.

ఆమె పోయాక ఆ వెనక సీటును చూడలేక కారు అమ్మేశాడు. నడిపే తీరు మాత్రం మారలేదు. వ్యానులో మందుల సీసాలు ఉన్నా, ఖాళీ అట్టపెట్టెలు ఉన్నా వెనక ఆమె పడుకుని ఉన్నట్టే నడిపేవాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారని.

అతనికి రోజులో మనుషులతో మాటలంటే పొద్దున పూట గోదాము ఎదురుగా హోటల్లో చాయ్ తాగేటప్పుడే. మిగతా ముగ్గురు డ్రైవర్లూ అక్కడికే వచ్చేవారు. రాంజీ, జాకీర్ కంటే కొంచెం చిన్నవాడు, దేవరుప్పుల వైపు తండా మనిషి. మాట తక్కువ. నగేష్ నలభైలలో ఉంటాడు, అతనికి నోరు ఆగదు. దిలీప్ ఇంకా పెళ్లికాని వాడు, చిల్పూర్ నుంచి రోజూ మోటారు సైకిల్ మీద వచ్చి, అందరికంటే దూరమైన భూపాలపల్లి దారికి పోయేవాడు. నగేష్ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. జాకీర్ ఎక్కువగా వినేవాడు. ఆ కాసేపటి కోసం అతను తెల్లవారకముందే లేచి, చేతిలో పనేమీ లేకపోయినా గోదాముకు ముందే చేరేవాడు.

బంకులో చూపించే డీజిల్ చీటీ సేఠ్ చందూలాల్ స్వయంగా రాసి ఇచ్చేవాడు. లీటరుకు పదహారు కిలోమీటర్ల లెక్కన ఎవరి దారికి ఎంత పడుతుందో అంత. ఏమైనా మిగిలితే డ్రైవరుదే. ఈ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరికీ తెలుసు. నిజానికి మిగతా ముగ్గురికీ పెద్దగా మిగిలేదీ కాదు.

చలికాలం పోతున్న రోజుల్లో ఒకనాడు సేఠ్ చీటీ చాపితే జాకీర్ అందుకోలేదు.

"ఇయ్యాల వద్దు సేఠ్. ట్యాంకుల మస్తున్నది. రేపు కూడ ఎల్లిపోతది."

చందూలాల్ కళ్లద్దాల పైనుంచి చూశాడు. "వద్దా? గిన్నేండ్ల సంది ఏ డ్రైవర్ నోట ఈ మాట వినలే."

"ఉన్నంక ఎందుకని."

సేఠ్ చీటీ డ్రాయరులో పెట్టేశాడు. కానీ ఆ తర్వాత నెలంతా జాకీర్ బండి మీటరు చూస్తూ వచ్చాడు. నెల చివర నలుగురినీ పిలిచాడు.

"జాకీర్ భాయ్ బండి లీటర్‌కు ఇరవై పైన ఇస్తున్నది. నాలుగు బండ్లు ఒక్కటే కంపెనీయి, ఒక్కటే మోడల్. ఇగ అందరికి ఇరవై లెక్కనే చీటీ. ఆన్‌లైన్ల మందులొచ్చి నా యాపారం సగమైంది. మీరు జర సమజ్ చేసుకోవాలె."

జాకీర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. నగేష్ అతని వైపు తిరిగి చూసిన చూపు మాత్రం బాగా అర్థమైంది.

బయటికి వచ్చాక నగేష్ అడిగాడు. "నువ్వు చెప్పకపోతే సేఠ్‌కు ఎర్కనే లేకుండె. ఏమొచ్చింది నీకు?"

"నేను గది అనుకోలే నగేష్. ట్యాంకుల ఉన్నదని చెప్పిన, గంతే."

"ఉంటే ఉండనీ. నోరు మూసుకోరాదా?"

"మెల్లగ నడిపితే మీకు కూడ వస్తది. నేను చూపిస్త. బ్రేకు మీద కాలు..."

"మాకు నడుపుడు రాదంటవ్." నగేష్ నవ్వాడు. ఆ నవ్వు అతను చాయ్ దగ్గర నవ్వే నవ్వు కాదు. "గంతేనా?"

రాంజీ తన బండి ఎక్కాడు. దిలీప్ మాత్రం కాసేపు ఆగి, "నా బండి నీ బండి లెక్క కాదన్న. దాని సంగతి నీకెర్కలేదు" అని వెళ్లిపోయాడు.

మర్నాడు జాకీర్ హోటల్ దగ్గర నిలబడితే ముగ్గురిలో ఎవరూ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బస్టాండు దగ్గర వేరే హోటల్లో తాగుతున్నారని హోటలతను చెప్పాడు. జాకీర్ ఒక్కడే చాయ్ తాగి, గ్లాసు పెట్టి, గోదాములోకి పోయి పెట్టెలు ఎక్కించుకునేవాడు. ఎదురుపడితే పలకరించేవాడు. రాంజీ తల ఊపేవాడు. నగేష్ ఫోను చూసుకునేవాడు.

ఇంతకుముందు కూడా అతను ఒంటరే. కానీ అప్పుడు రోజుకొక అంచు ఉండేది, పట్టుకుని లేవడానికి. ఇప్పుడు పొద్దున లేచి కూర్చుంటే ఎందుకు లేచానా అనిపించేది. పాలకుర్తి, తొర్రూరు, నర్సింహులపేట, మహబూబాబాద్. షాపుల వాళ్లు పెట్టె అందుకుని, సంతకం పెట్టి, పక్క గిరాకీ వైపు తిరిగేవారు. మధ్యాహ్నం ఎక్కడో చెట్టు కింద బండి ఆపి టిఫిన్ డబ్బా విప్పేవాడు. సాయంత్రం గదికి వచ్చి రొట్టెలు చేసుకునేవాడు. రెండు చేస్తే ఒకటి మిగిలేది. కొన్నిసార్లు రోజంతటిలో తాను మాట్లాడిన మాటలేమిటా అని గుర్తు చేసుకుంటే, "సైన్ పెట్టుండ్రి" తప్ప ఏదీ గుర్తుకొచ్చేది కాదు.

ఒకరోజు నర్సింహులపేట దారిలో అతనికొక ఆలోచన వచ్చింది. తన బండి కూడా ఎక్కువ తాగితే? నెల చివర సేఠ్ మీటరు చూసి, ఇరవై రావడం లేదని పాత లెక్కే ఇస్తాడేమో. అప్పుడు నగేష్ మళ్లీ చాయ్‌కి వస్తాడేమో. ఇది తప్పుడు పనే గానీ చాలా సులువైన పని.

రోడ్డు ఖాళీగా ఉంది. రెండు వైపులా కోతకొచ్చిన వరి. జాకీర్ కాలు గట్టిగా నొక్కాడు. గేరు మార్చకుండా ఇంజను గొంతు చిరిగేదాకా లాగాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. మళ్లీ లాగాడు. వెనక పెట్టెలు ఒకదాని మీద ఒకటి జారి గోడకు కొట్టుకున్నాయి. స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఎప్పుడూ దానికి చాలా ముందే కాలు తీసేవాడు, ఈసారి తీయలేదు. దగ్గరికొచ్చాక రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. బండి ఎగిరి పడింది. వెనకనుంచి ఏదో మూలిగినట్టు చప్పుడైంది. అది సీసాల పెట్టె చెక్క బల్లకు రాసుకున్న చప్పుడు. అతనికి తెలుసు.

అయినా బండి పక్కకు తీసి ఇంజను ఆపాడు. వెనక తలుపు తెరిచి చూశాడు. పెట్టెలే ఉన్నాయి. ఒక దగ్గు మందు సీసా పగిలి, తియ్యటి వాసన వస్తోంది.

"మాఫ్ కర్ మున్నవర్," అన్నాడు పైకి. "ఇగ చెయ్య."

పొలంలో పని చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు తలెత్తి అతని వైపు చూశారు. జాకీర్ తలుపు వేసి, సీటులో కూర్చుని, చాలాసేపు తాళం తిప్పలేదు. తిప్పాక బండిని ఎప్పటిలాగే పోనిచ్చాడు. చెడ్డగా నడపడం తన చేత కాదని ఆరోజు తెలిసింది. పగిలిన సీసా డబ్బులు జీతంలో పట్టుకోమని సాయంత్రం సేఠ్‌కు తనే చెప్పాడు.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం దిలీప్ బండి పరకాల దాటాక, భూపాలపల్లి ఇంకా దూరం ఉండగా, కొత్త లెక్కన పోసిన డీజిల్ అయిపోయి నిలిచిపోయింది. దిలీప్ ఖాళీ డబ్బా పట్టుకుని ఎండలో బంకు దాకా నడిచాడు. బొగ్గు లారీల దుమ్ములో ఎవరూ బండి ఆపలేదు. డీజిల్ తెచ్చి పోసి, గాలి చేరిన డీజిల్ పైపును బాగు చేయించి బయలుదేరేసరికి ఐస్ పెట్టెలో మంచు కరిగి నీళ్లయింది. అందులో ఉన్న ఇన్సులిన్ సూదిమందు ఇక పనికిరాదని షాపు అతను తీసుకోలేదు. చందూలాల్ ఆ నష్టం దిలీప్ జీతంలో కోస్తానన్నాడు. ఆ రాత్రే దిలీప్‌కు వడదెబ్బ తగిలి జ్వరం పట్టుకుంది. పనిలోకి రాలేదు.

ఈ సంగతి జాకీర్‌కు రాంజీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత రాంజీ అతనితో అన్న మొదటి మాటలు అవే. చెప్పి, జాకీర్ ఏమంటాడో వినకుండా వెళ్లిపోయాడు.

మహబూబాబాద్ దారిలో ఆ వారం సరుకు తక్కువ. సేఠ్ జాకీర్‌ను దిలీప్ బండిలో భూపాలపల్లి పొమ్మన్నాడు.

ఆ బండి తాళం తిప్పగానే జాకీర్‌కు ఏదో తేడా అనిపించింది. గోదాము గేటు దాటి, చదును రోడ్డు మీద అలవాటుగా కాలు తీశాడు. అతని బండి అయితే ఆ మలుపు దాకా తేలికగా సాగిపోయేది. ఇది నాలుగు అంగలు వేసి ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు ఆగిపోయింది. హన్మకొండ దాటాక ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తోంది గానీ చక్రాలకు ఆ బలం అందడం లేదు. పైన ఎవరో ఎప్పుడో బిగించిన ఇనుప క్యారియరు ఖాళీగా గాలిని చీల్చుకుంటూ ఊళ పెడుతోంది.

పరకాలలో సరుకు దించేటప్పుడు ఒక్కొక్క చక్రం దగ్గర చేయి పెట్టి చూశాడు. మూడు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక ఎడమ చక్రం దగ్గర చేయి పెట్టలేకపోయాడు. బ్రేకు విడవకుండా పట్టేసుకుని ఉంది. ఎయిర్ ఫిల్టరు విప్పి నేల మీద కొడితే నల్లటి బొగ్గు దుమ్ము కుప్పగా రాలింది. అది దులిపి మళ్లీ బిగించాడు. మిగతావి అతని చేతిలో లేవు.

అక్కడి నుంచి భూపాలపల్లి దాకా బొగ్గు లారీల వెనక నడిపాడు. ఎంత ముందు చూసుకున్నా, ఎంత మెల్లగా కాలు మోపినా డీజిల్ సూది కిందికే పోతోంది. తనకు తెలిసిన విద్యంతా వాడాడు. వాడుతున్నకొద్దీ దిలీప్ అన్న మాటే చెవిలో పడుతోంది. దాని సంగతి నీకెర్కలేదు. నిజంగానే అతనికి తెలియదు. ఇన్ని రోజులూ లోపల ఎక్కడో, వీళ్లకు నడపడం రాదులే అనుకున్నాడు. పైకి అనలేదు గానీ అనుకున్నాడు. నగేష్‌కు అది తెలిసినట్టుంది.

సాయంత్రం గోదాములో సేఠ్ ఎదురుగా నిలబడ్డాడు.

"సేఠ్, ఆ బండికి ఇరవై కాదు, పదహారు కూడ రాదు."

"నువ్వే ఇరవై తెస్తివి. నువ్వే రాదంటున్నవ్."

"నా బండి తెచ్చిన. గది నా బండి కాదు."

"సర్వీసింగ్ చేయించినమే మొన్న దసరాకు."

"ఒక్కసారి నాతోని రాండ్రి సేఠ్. పరకాల దాక. మీరే చూడుండ్రి. చూసినంక మీ ఇష్టం."

చందూలాల్ విసుక్కున్నాడు. కానీ భూపాలపల్లిలో వసూలు చేయవలసిన పాత బాకీ ఒకటి ఉంది. మర్నాడు వ్యాను ముందు సీట్లో, ఒళ్లో బ్యాగు పెట్టుకుని కూర్చున్నాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాకా ఫోన్లు మాట్లాడాడు. ఆ తర్వాత కునికాడు. పరకాల దాటాక రోడ్డు చదునుగా, తిన్నగా ఉన్న చోట జాకీర్ బండి ఆపి, గేరు తీసేశాడు.

"జర దిగుతరా సేఠ్. ఇద్దరం తోద్దాం."

"తోసుడేంది? బండి మంచిగనే నడుస్తున్నది కద."

"తెలుస్తది, రాండ్రి."

ఇద్దరూ వెనక చేరి తోశారు. బండి కదలలేదు. చందూలాల్ చొక్కా చేతులు పైకి మడిచి మళ్లీ తోశాడు. అంగుళం కదిలి ఆగింది.

"నా బండైతే మీరొక్కరు తోసినా పోతది," అన్నాడు జాకీర్. "దిలీప్ రోజు దీన్ని గిట్ల గుంజుకుంట పోయిండు. బ్రేకు తొక్కకుండనే బ్రేకు పడుతున్నది. మీరు పోయించిన డీజిల్ సగం గా చక్రం వేడి చేయనీకే పోయింది."

సేఠ్ ఆ చక్రం దగ్గర వంగి చేయి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఒక బొగ్గు లారీ దుమ్ము చిమ్ముతూ పోయింది.

"నాకెవ్వరు చెప్పలేదే."

"దిలీప్ చెప్పిండట, రాంజీ అన్నడు."

చందూలాల్ రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "చెప్పినట్టే ఉన్నది," అన్నాడు చివరికి. "డ్రైవర్లు రోజు ఏదో ఒకటి చెప్తనే ఉంటరు భాయ్. అన్ని వింటే గోదాము మూసుకోవాలె."

"అన్ని వినకుండ్రి. బండ్ల సంగతి వినుండ్రి. మూడు బండ్లు మెకానిక్‌కు చూపెట్టుండ్రి. బ్రేకులు, క్లచ్, ఫిల్టర్లు. పైన గా ఇనుప క్యారియర్లు తీసేయించుండ్రి, వాటితోని మనకేం పని లేదు. గప్పుడు ఏ బండి ఎంత ఇస్తదో చూసి, దేని లెక్క దానికి పెట్టుండ్రి. అందరికి నా లెక్క పెట్టకుండ్రి సేఠ్. నాతోని ఎవ్వరు మాట్లాడుతలేరు."

ఆ ఆఖరి మాట అనాలని అతను అనుకోలేదు. అన్నాక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. చందూలాల్ అతన్ని వింతగా చూసి, బండి ఎక్కాడు. భూపాలపల్లిలో పాత బాకీ సంగతి చూసుకున్నాడు. వచ్చేటప్పుడు, హన్మకొండలో, సేఠ్ తానే అన్నాడు. "మెకానిక్‌తోని మాట్లాడుత. దిలీప్ జీతం కొయ్యనులే. వాన్ని రమ్మను."

ఆదివారం జాకీర్ చిల్పూర్ పోయాడు. దిలీప్ ఇల్లు గుడి గుట్టకు ఇవతల, రెండు గదుల రేకుల ఇల్లు. తల్లి సరోజ బీడీలు చుడుతూ కూర్చుని ఉంది. కుర్చీ వేసి, మంచినీళ్లు ఇచ్చింది. దిలీప్ లోపలినుంచి వచ్చాడు. చిక్కిపోయాడు.

జాకీర్ జరిగినదంతా చెప్పాడు. బ్రేకు సంగతి, సేఠ్ తోసిన సంగతి, జీతం కోయనన్న సంగతి. దిలీప్ తల వంచుకుని విన్నాడు. సేఠ్ బండి తోశాడన్నప్పుడు మాత్రం చిన్నగా నవ్వాడు.

"జర లేటైందన్న," అన్నాడు. "భూపాలపల్లిల ఒక కాంట్రాక్టర్ దగ్గర జీపు నడిపే పని దొరికింది. గని మీదికి ఇంజినీర్లను తీస్కపోవుడు, తీస్కొచ్చుడు. వస్తనని చెప్పిన."

"సేఠ్ రమ్మంటున్నడు."

"మాట ఇచ్చిన కద."

జాకీర్ గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు అప్పుడే చెప్పినవ్, నీ బండి నా బండి లెక్క కాదని. నేను వినలే."

"నువ్వు మంచోనివేనన్న," అన్నాడు దిలీప్. కోపంగా అనలేదు. ఉన్నమాట చెబుతున్నట్టు అన్నాడు. "గదే పరేషాన్. నువ్వు దొంగవైతే నిన్ను తిట్టుకుని ఊకుందుము. మంచోన్ని ఏమనాలె?"

సరోజ తినిపొమ్మంది. జాకీర్ పనుందని చెప్పి లేచాడు. పనేమీ లేదు. గుట్ట మీదికి పోయే మెట్ల దగ్గర పెళ్లివారి జీపులు ఆగి ఉన్నాయి, పిల్లలు అరుస్తున్నారు. వాళ్లను చూస్తూ కాసేపు నిలబడి, బస్సెక్కి జనగామ వచ్చేశాడు.

చందూలాల్ మాట తప్పలేదు. కొంచెం ఆలస్యంగానైనా మూడు బండ్లకూ పని చేయించాడు. ఒక్కో బండికి ఒక్కో లెక్క పెట్టాడు. నగేష్ బండికి కొత్త క్లచ్ పడింది. మొదటి రోజు నడిపి వచ్చి, గోదాము గేటు దగ్గర జాకీర్ పక్కన ఆగాడు.

"నాలుగో గేర్ల ఎంత స్పీడ్ మీద పోవాలె?"

"ఇంజన్ చెప్తది. అరిచిందంటే పై గేర్ అడుగుతున్నట్టు. వణికిందంటే కింద గేర్."

నగేష్ తల ఊపాడు. "మలుపుల కాడ కాలు తీస్తున్న. మరీ మెల్లగయితున్నదనిపిస్తది."

"రెండు దినాలు గట్లనే అనిపిస్తది. షాపులకైతే అదే టైముకు పోతవ్ చూడు."

అంతవరకే. నగేష్ మళ్లీ మాట్లాడాడు, రాంజీ కూడా. కానీ వాళ్లిద్దరికీ బస్టాండు హోటల్ అలవాటై పోయింది. ఒకటి రెండుసార్లు జాకీర్‌ను రమ్మన్నారు. వెళ్లాడు. నగేష్ ఏదో చెప్పబోయి, జాకీర్‌ను చూసి, మాట మార్చుకున్నట్టు అనిపించింది. తన మాట సేఠ్ దాకా పోతుందేమోనని కాబోలు. మూడోసారి జాకీర్ తనే, తర్వాత వస్తానన్నాడు. ముందున్నట్టు మళ్లీ కాదని అతనికి అర్థమైంది. ఎవరి తప్పూ పెద్దగా కనిపించలేదు. అందువల్ల బాధ తగ్గలేదు గానీ, రాత్రి నిద్ర మాత్రం పట్టసాగింది.

దిలీప్ చోటులోకి ఎవరూ దొరకలేదు. భూపాలపల్లి దారి తనకు ఇమ్మని జాకీర్ అడిగితే సేఠ్ సరేనని, వారంలో మూడు రోజులు అటు, మిగతా రోజులు మహబూబాబాద్ దారిలో పొమ్మన్నాడు. భూపాలపల్లి దూరం, దుమ్ము, ఎవరూ కోరి అడగరు. ఎందుకు అడిగావని సేఠ్ అంటే, "టైం పోతది" అన్నాడు.

వానాకాలం వచ్చింది. ఒకనాడు భూపాలపల్లికి కొంచెం ఇవతల బొగ్గు లారీ ఒకటి బురదలో దిగబడి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. అటూ ఇటూ బండ్లు బారులు తీరాయి. చాలామంది ఇంజన్లు ఆపకుండా హారన్లు కొడుతున్నారు. జాకీర్ ఇంజను ఆపేసి, అద్దం దింపి, వాన చూస్తూ కూర్చున్నాడు.

ఎదుటి వరుసలోంచి ఎవరో తువ్వాలు నెత్తిన కప్పుకుని పరుగున వచ్చి కిటికీ దగ్గర ఆగారు. దిలీప్. ఒళ్లు చేశాడు.

"దూరంకెళ్లి గుర్తుపట్టిన. గిన్ని బండ్లల్ల ఒక్కటే చప్పుడు చేస్తలేదు," అన్నాడు.

"తడుస్తున్నవ్. ఎక్కు."

దిలీప్ ఎక్కి కూర్చున్నాడు. తల తుడుచుకున్నాడు. తల్లి ఎట్లుందని జాకీర్ అడిగాడు. మంచిగుందని, మాఘంలో పెళ్లి చేస్తానంటోందని దిలీప్ చెప్పాడు. గని దారి సంగతి చెప్పాడు. పైకి ఎక్కేటప్పుడు జీపు పొగ కక్కుతోందని, డీజిల్ ఎక్కువ పోతోందని కాంట్రాక్టర్ గొణుగుతున్నాడని చెప్పాడు.

"ఎత్తు మొదలుకాకముందే గేర్ మార్చుతవా, నడుమల మార్చుతవా?"

"నడుమల్నే."

"ముందే మార్చు. కింద ఉన్నప్పుడే. నడుమల మార్చితే ఊపు పోతది, మళ్ల మొదటి సంది గుంజాలె. టైర్ల గాలి ఎప్పుడు చూపించినవ్?"

దిలీప్ నవ్వాడు. "చూపించలే."

"పొద్దుగాల చూపించు. గని రోడ్డుకు గాలి తక్కువుంటే మెత్తగుంటదని ఎవడన్న చెప్తే వినకు."

దిలీప్ జేబులోంచి పల్లీల పొట్లం తీశాడు. వాన జోరుగా కురుస్తోంది. ముందు ఎక్కడో మనుషులు లారీకి తాడు కట్టి, ఒకళ్ల మీద ఒకళ్లు కేకలు వేసుకుంటున్నారు. ఇద్దరూ పల్లీలు తింటూ, బురదలోంచి లారీని ఎలా తీయాలో, వీళ్లు ఎందుకు తప్పుగా తీస్తున్నారో మాట్లాడుకున్నారు. జాకీర్ చాలా మాట్లాడాడు. అన్ని నెలల్లో అంత మాట్లాడింది అదే.

లారీ కదిలింది. బండ్లు ఒక్కసారిగా గర్జించాయి. దిలీప్ తువ్వాలు కప్పుకుని దిగాడు.

"బుధవారం వస్తవా గిటు?"

"సోమ, బుధ, శుక్రవారం."

"బుధవారం మధ్యాహ్నం బస్టాండ్ కాడ ఉంట అన్న. తిందాం," అని దిలీప్ తన జీపు వైపు పరుగెత్తాడు.

వెనక బండివాడు హారన్ కొడుతున్నాడు. జాకీర్ ముందున్న బండికి కొంచెం ఎడం రానిచ్చి, తాళం తిప్పి, మెల్లగా బయలుదేరాడు.